గ్యాప్ కనపడగానే ఫిల్ కొట్టకండి

మొన్న క్యాడ్‌లో, అంటే కంప్యూటర్‌లో త్రీడీ మోడల్ కట్టే సాఫ్ట్‌వేర్‌లో, పనిచేసే ఒక తమ్ముడు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపాడు. స్కూటర్ ముందుండే ప్లాస్టిక్ కౌల్, దాని లోపలి వైపు స్క్రూ బిగించడానికి ఒక గుండ్రటి బాస్, అంటే గొట్టంలాంటి దిమ్మ. కౌల్ రెండు దిక్కులా వంపు తిరిగి ఉంది, బాస్ అడుగేమో చదును. ఒక పక్క ఆనింది, రెండో పక్క ఒకటిన్నర మిల్లీమీటర్ల ఖాళీ. "అన్నా, ఈ గ్యాప్ ఫిల్ చెయ్యడానికి ఏ కమాండ్ వాడాలి? ఫిల్ సర్ఫేస్ కొడితే ఎర్రర్ ఇస్తోంది, లాఫ్ట్ కొడితే మెలితిరిగిపోతోంది" అని కింద రాశాడు. (ఫిల్ అంటే అంచుల మధ్య ఖాళీని కొత్త ముఖంతో కప్పే కమాండ్, లాఫ్ట్ అంటే రెండు అంచుల మధ్య ముఖం పరిచేది.)

ఏ ఫిల్లూ వద్దు, బాస్‌ని ఇంకో అయిదు మిల్లీమీటర్లు కిందికి దించు, కౌల్‌లోకి దూసుకుపోనీ, తర్వాత కౌల్ లోపలి ముఖంతో కోసెయ్ అని జవాబిచ్చాను. కాసేపటికి అయిపోయిందన్నాడు. కానీ వెనకే ఇంకో మాట అన్నాడు: "ఇది గ్యాప్ నింపడం కాదు కదన్నా, చీటింగ్‌లాగా ఉంది." ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే నా లెక్కలో చీటింగ్ అటువైపు ఉంది. ఫిల్ కొట్టడమే చీటింగ్.

కాస్త గట్టిగా అన్నానేమో, తగ్గించి చెబుతా. వంపు సర్ఫేస్‌కీ (మందం లేని పైపొర) సాలిడ్‌కీ (లోపల నిండుగా ఉన్న ఆకారం) మధ్య కంటికి కనిపించే ఖాళీ ఉందంటే చాలాసార్లు అక్కడ ఏదో లోటుందని కాదు, రెండింట్లో ఒకటి ఆగాల్సిన చోటు కంటే ముందే ఆగిపోయిందని. ఆగిపోయినదాన్ని ముందుకు నడిపించాలి. మూడోదాన్ని తెచ్చి మధ్యలో పెడితే ఆ మూడోదాని ఆకారం ఎవరు నిర్ణయించినట్టు? మీరు కాదు, స్టైలిస్ట్ కాదు, వంపు వీలైనంత తగ్గేలా లెక్కగట్టే ఒక అల్గారిథమ్. రేపు ఎవరైనా ఈ ముఖం ఇలా ఎందుకుందని అడిగితే మీ దగ్గర సమాధానం ఉండదు.

ముందుకు తోసి కొయ్యడం

ఇందులో కిటుకేమీ లేదు. బాస్ పక్క గోడ ఒక సిలిండర్, లేదా డ్రాఫ్ట్ (అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి ఇచ్చే వాలు) ఇస్తే ఒక కోన్. దాన్ని ఎంత పొడిగించినా అది అదే సిలిండర్, అదే కోన్, ఒక్క మైక్రాన్ కూడా కొత్త ఆకారం పుట్టదు. కౌల్ లోపలి ముఖం ఎలాగూ ఉంది. రెండూ ఒకదాన్నొకటి దాటేలా చేసి కోస్తే కలిసే అంచు దానంతటదే వస్తుంది. మనం గీసింది ఏదీ లేదు కాబట్టి తప్పు గియ్యడానికీ అవకాశం లేదు. వడ్రంగి కూడా చెక్కని కొలతకి సరిగ్గా కోసి తర్వాత సందులో లప్పం కూరడు, కాస్త పొడుగ్గా కోసుకుని ఆనేదాకా చిత్రిక పడతాడు.

ఎక్స్‌ట్రూడ్‌లో (గీసిన ఆకారాన్ని సాగదీసి సాలిడ్ చేసే కమాండ్) "అప్ టు సర్ఫేస్", అంటే ఆ ముఖం దాకా వెళ్ళి ఆగు అనే ఆప్షన్ ఉంది కదా, అదే చాలదా అంటే చాలా చోట్ల చాలు. అది మొరాయించే చోటే అందరూ ఫిల్ వైపు పరిగెడతారు. మొరాయించడానికి కారణం తొంభై శాతం ఒకటే (లెక్కపెట్టలేదు లెండి, మాటవరసకి): ప్రొఫైల్‌లో (సాగదీసే ఆకారపు గీతలో) ఒక మూల ఆ సర్ఫేస్ అంచు దాటి బయటికి వెళ్తోంది. దిగుతున్న గోడకి ఆ మూలలో ఆగడానికి నేల లేదు. అలాంటప్పుడు ఆ ముఖానికి ఒక కాపీ తీసుకుని, అంచుల్ని కాస్త పొడిగించి, ఆ కాపీ దాకా వెళ్ళమని చెప్పాలి. సాలిడ్‌వర్క్స్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో పొడిగించేటప్పుడు రెండు దారులుంటాయి. "సేమ్ సర్ఫేస్" అంటే ఉన్న వంపునే కొనసాగిస్తుంది, "లీనియర్" అంటే అంచు దగ్గర్నించి తిన్నగా పోతుంది. స్టైలింగ్ నుంచి వచ్చిన ఫ్రీఫామ్ ముఖాలకి మొదటిది పెట్టి ఎక్కువ దూరం లాగితే చివర్లో వంపు పిచ్చిగా తిరిగి ఎటో పోతుంది, అది తెలిసే వాడాలి. రెండు మూడు మిల్లీమీటర్ల పొడిగింపుకి మాత్రం ఏదైనా ఒకటే.

ఇంకో చోట కూడా ఇదే కథ. బయటి ముఖాన్ని 2.5 మిల్లీమీటర్లు లోపలికి ఆఫ్‌సెట్ చేసి (అంతటా ఒకే దూరం జరిపి) వాల్ థిక్‌నెస్, అంటే గోడ మందం తెస్తాం. బయట ఎక్కడో మూల దగ్గర 2 మిల్లీమీటర్ల రేడియస్ ఉంది. 2 రేడియస్‌ని 2.5 లోపలికి జరిపితే ఆ ముఖం తన మీద తనే మడతపడుతుంది, గణితం ప్రకారమే అది ఉండటానికి వీల్లేదు. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు ఆఫ్‌సెట్ మొత్తాన్నీ తిరస్కరిస్తాయి, కొన్ని ఆ ఒక్క ముఖాన్ని వదిలేసి మిగతావి ఇస్తాయి, అక్కడ సన్నటి పొడుగాటి చీలిక మిగులుతుంది. దాన్ని చూడగానే చెయ్యి ఫిల్ మీదకి పోతుంది. కానీ అక్కడ ముఖం ఉండకూడదనే కదా లెక్క చెప్పింది! అటూ ఇటూ ఉన్న పెద్ద ముఖాలు రెండింటినీ పొడిగించి, ఒకదానితో ఒకటి ట్రిమ్ చేస్తే (కత్తిరిస్తే) లోపల పదునైన మూల వస్తుంది. మౌల్డ్ (అచ్చు) చేసేవాడికి ఆ మూలలో రేడియస్ కావాలంటే అప్పుడు, మనం ఎంచుకున్న కొలతతో, ఫిల్లెట్ వేస్తాం, అంటే మూలని గుండ్రం చేస్తాం.

ఫీచర్ ట్రీ (మోడల్‌ని ఏ వరసలో కట్టామో దాచే జాబితా) ఉన్నవాళ్ళకి ఇంకో లాభం ఉంది, అది డిజైన్ మారినప్పుడు తెలుస్తుంది. ఒకసారి ఒకే ప్యానెల్‌లో సగం రిబ్స్ (గోడకి బలమిచ్చే సన్నటి పలకలు) ఒకరు, సగం ఇంకొకరు చేశారు. ఒకాయన అన్నీ తోసి కోశాడు, రెండో ఆయన దేనికది ఫిల్ చేసి నిట్ చేశాడు, అంటే అంచులు కలిపి కుట్టాడు. స్క్రీన్ మీద తేడా ఏం లేదు, రివ్యూలో ఇద్దరికీ మెప్పు. తర్వాత స్టైలింగ్ వాళ్ళు బయటి సర్ఫేస్ మార్చి పంపారు, పెద్ద మార్పు కూడా కాదు, ఒక క్యారెక్టర్ లైన్ కాస్త కిందికి. కొత్త ముఖాన్ని పెట్టి రీబిల్డ్ చేస్తే మొదటి సగం నిలబడింది, రెండో సగం ట్రీ అంతా ఎర్రర్ల ఎరుపు. ఫిల్ అనేది ఒక్కో అంచునీ పేరు పెట్టి పట్టుకుంటుంది. సర్ఫేస్ మారితే ఆ అంచులు పోయి కొత్త అంచులు పుడతాయి, ఫిల్‌కి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. కోతకి అంచులతో పనిలేదు, ముఖం ఉంటే చాలు.

ఫిల్ నిజంగా ఏం చేస్తుంది

ఫిల్ మీద నాకేం కక్ష లేదు, అది చేసే పని తెలిస్తే గౌరవం కూడా కలుగుతుంది. మీరు ఇచ్చిన అంచుల వలయాన్ని తీసుకుంటుంది, ఒక్కో అంచు దగ్గర పక్క ముఖంతో కాంటాక్ట్ (తాకడం) సరిపోతుందా, టాంజెంట్ (వాలు కలవడం) కావాలా, కర్వేచర్ (వంపు) కూడా కలవాలా అని అడుగుతుంది, ఆ షరతులకు లోబడి మధ్యలో వీలైనంత తక్కువ వంగే సర్ఫేస్‌ని కడుతుంది. అంచుల దగ్గర మాత్రమే మీ మాట చెల్లుతుంది. మధ్యలో ఏముంటుందో మీరు చెప్పలేదు, అది మిమ్మల్ని అడగలేదు. కావాలంటే లోపల కన్‌స్ట్రెయింట్ కర్వ్‌లు ఇవ్వొచ్చు, ఇచ్చేవాళ్ళు ఎంతమంది?

మూడు అంచుల గ్యాప్ అయితే ఇంకో తంటా. నర్బ్స్ సర్ఫేస్ (క్యాడ్‌లో వంపు ముఖాల్ని రాసే గణిత రూపం) పుట్టుకతో నాలుగు అంచులది. దాన్ని మూడు అంచుల్లో ఇరికించాలంటే ఒక అంచుని నలిపి బిందువుగా చెయ్యాలి, లేకపోతే పెద్ద నాలుగంచుల ముక్క వేసి మూడుగా కత్తిరించాలి. నలిపిన బిందువు దగ్గర సర్ఫేస్ ఏ దిక్కుకి చూస్తోందో సరిగా తేలదు. అప్పటికి బాగానే కనిపిస్తుంది, తర్వాతెప్పుడో షెల్ కొడితేనో (లోపల బోలు చేస్తేనో), ఆఫ్‌సెట్ చేస్తేనో, టూల్‌పాత్ (మెషీన్ కోసే దారి) వేస్తేనో ఆ బిందువు దగ్గరే విరుగుతుంది. అప్పటికి ఆ ఫిల్ ఎవరు వేశారో ఎవరికీ గుర్తుండదు. సాలిడ్‌వర్క్స్‌లో "ఆప్టిమైజ్ సర్ఫేస్" అని ఒక చెక్‌బాక్స్ ఉంటుంది, అది రెండు లేదా నాలుగు అంచుల గ్యాప్‌లకి ఉద్దేశించింది. మూడుకీ అయిదుకీ దాన్ని తీసేసి చూడండి, తేడా జీబ్రా చారల్లో (వంపు నునుపుని చూపించే నలుపు తెలుపు చారలు) కనిపిస్తుంది.

ఇదంతా జామెట్రీ గొడవ. అసలు దెబ్బ ప్లాస్టిక్‌లో తగులుతుంది. మా తమ్ముడి బాస్ కేసే తీసుకోండి. కింద ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడ్జ్ లాంటి (ఒక పక్క మందం, ఒక పక్క సన్నం) ఖాళీని అతను ఎలాగో నింపి సాలిడ్ చేశాడే అనుకుందాం. గోడ 2.5, దాని మీద ఈ వెడ్జ్ 1.5, ఒక పక్క నాలుగు మిల్లీమీటర్ల ముద్ద తయారైంది. రిబ్ అయినా బాస్ గోడ అయినా ప్రధాన గోడ మందంలో 50–60 శాతం దాటకూడదని ప్లాస్టిక్ డిజైన్‌లో మొదటిరోజు చెప్పే మాట, ఎందుకంటే మందంగా ఉన్న చోట ప్లాస్టిక్ ఆలస్యంగా చల్లారి, చల్లారేటప్పుడు లోపలికి గుంజుకుని, బయటి మెరిసే ముఖం మీద సొట్ట వేస్తుంది. సింక్ మార్క్ అంటాం. పెయింట్ వేస్తే ఇంకా బాగా కనిపిస్తుంది. అదే బాస్‌ని కిందికి దించి కోసినప్పుడు, మధ్యలో బొక్కని కూడా దానితోపాటే దించి, ముఖానికి సమాంతరంగా ఆపితే మందం ఎక్కడా పెరగదు. గ్యాప్ రెండు విధాలా మూసుకుంది. ఒక దాంట్లో సన్నటి గొట్టం గోడకి ఆనింది, ఇంకో దాంట్లో ముద్ద కూర్చుంది.

హైదరాబాద్ బాలానగర్‌లో ఒక టూల్ రూమ్ (అచ్చులు చేసే షాపు) మేస్త్రీ డ్రాయింగ్ చూసే తీరు నాకు భలే ఇష్టం. మోడల్ తిప్పడు, జూమ్ చెయ్యడు, ఒక సెక్షన్ (అడ్డకోత) కొట్టమంటాడు, అంతే. నల్లగా నిండిన చోట వేలు పెట్టి "ఇక్కడ ఇంత మెటీరియల్ ఎందుకుంది సార్, ఎవరు అడిగారు?" అంటాడు. చాలాసార్లు నిజమైన సమాధానం: ఎవరూ అడగలేదు, గ్యాప్ ఉందని నింపారు.

కంటికి కనపడని గ్యాప్‌లు

ఇప్పటిదాకా చెప్పింది మిల్లీమీటర్ల గ్యాప్‌ల సంగతి. మైక్రాన్ల గ్యాప్‌లు వేరే జాతి, వాటి దగ్గరికొచ్చేసరికి నా సిద్ధాంతం కాస్త తడబడుతుంది.

ఎందుకంటే, మీరు ఎంత శుభ్రంగా తోసి కోసినా గ్యాప్ ఉంటుంది. రెండు వంపు ముఖాలు కలిసే గీతని కచ్చితంగా రాయడం మామూలుగా కుదరదు. కంప్యూటర్ గ్రాఫిక్స్ గణితంలో థామస్ సెడర్‌బర్గ్ పేరు విన్నవాళ్ళకి ఈ లెక్క తెలిసే ఉంటుంది: ఒక బైక్యూబిక్ ప్యాచ్‌ని (క్యాడ్‌లో మామూలుగా వాడే వంపు ముక్క) బీజగణిత సమీకరణంగా రాస్తే దాని డిగ్రీ, అంటే అతి పెద్ద ఘాతం, 18. అలాంటివి రెండు కలిస్తే వచ్చే గీత డిగ్రీ 18 ఇంటూ 18, అంటే 324. ఏ సాఫ్ట్‌వేరూ డిగ్రీ 324 ఉన్న గీతని దాచుకోదు. దగ్గర దగ్గరగా ఉండే ఒక మామూలు స్ప్లైన్‌ని (వంపు గీతని) వేసుకుని, ఇదే మన అంచు అనుకుందాం అంటుంది. ఆ అంచు నిజానికి ఈ ముఖం మీదా పూర్తిగా లేదు, ఆ ముఖం మీదా లేదు. మనం వాటర్‌టైట్ (ఎక్కడా సందు లేదు) అని మురిసిపోయే ప్రతి ఫ్రీఫామ్ సాలిడ్‌లో సూక్ష్మంగా చూస్తే అంచుల వెంబడి ఖాళీలే.

మరి అది సాలిడ్ ఎలా అయింది? ఒప్పందం వల్ల. ఇంత దూరం లోపల ఉంటే కలిసినట్టే లెక్క అని ఒక సంఖ్య ముందే పెట్టుకున్నారు, దాన్నే టాలరెన్స్ అంటారు. సాలిడ్‌వర్క్స్, ఎన్ఎక్స్, ఆన్‌షేప్ వాడే పారాసాలిడ్ కెర్నల్‌లో (లోపలి జామెట్రీ ఇంజిన్) ఆ సంఖ్య 0.00001 మిల్లీమీటరు. కాటియా వీ5లో 0.001 మిల్లీమీటరు. రైనోలో చిన్న వస్తువుల మిల్లీమీటర్ల టెంప్లేట్ తెరిస్తే 0.001 ఉంటుంది, కావాలంటే మార్చుకోవచ్చు. కాటియాలో కలిసిన అంచులు సాలిడ్‌వర్క్స్‌కి వచ్చేసరికి విడిపోయాయని గగ్గోలు పెడతాం కదా, అందులో చాలావరకు ఈ వంద రెట్ల తేడా పుణ్యమే. అక్కడ కలిసినట్టే అనుకున్నది ఇక్కడ కలవలేదు. ఎవరి మోడలూ చెడిపోలేదు, ఒప్పందం మారింది.

ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మోడల్ పంపే ఫైల్ ఫార్మాట్ పాత్ర కూడా ఉంది. 1980లో వచ్చిన ఐజెస్‌లో చాలామంది పంపేది ట్రిమ్ చేసిన ముఖాల సంచీ, ఏ ముఖం పక్కన ఏ ముఖం ఉందో అందులో ఉండదు, తెరిచినవాడు దగ్గరితనం చూసి ఊహించుకుని కుట్టుకోవాలి. 1994 నుంచి ఉన్న స్టెప్‌లో, అంటే ఐఎస్ఓ 10303లో, పొరుగు సమాచారం కూడా వస్తుంది, పైగా ఈ మోడల్ ఎంత కచ్చితత్వంతో కట్టారో చెప్పే గడి ఒకటి ఫైల్‌లోనే ఉంటుంది. టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి "అన్‌సర్టెన్టీ" అనే పదం కోసం వెతకండి, దొరుకుతుంది. అది చూడకుండా హీల్ ఆల్ (గ్యాప్‌లన్నీ ఒక్కసారే సరిచెయ్యమనే బటన్) నొక్కడం నాకు నచ్చదు. సప్లయర్ దగ్గర్నించి ఇంకా ఐజెస్ వస్తోందంటే ముందు స్టెప్ అడగండి. సగం గ్యాప్‌లు ఒక ఈమెయిల్‌తో మూసుకుంటాయి.

ఈ మైక్రాన్ గ్యాప్‌లకి మందు నిట్, స్టిచ్, హీలింగ్. ఇవి కొత్త ముఖాన్ని తేవు, కాబట్టి ఫిల్ కంటే నయం. కానీ టాలరెన్స్ స్లైడర్‌ని లాగుతూ పోతే ఇక్కడా మోసమే మొదలవుతుంది. రైనోలో "జాయిన్‌ఎడ్జ్" అని ఒక కమాండ్ ఉంది. దూరంగా ఉన్న రెండు అంచుల్ని కూడా కలిసినట్టే రాసేసుకుంటుంది, జామెట్రీని ఒక్క వెంట్రుక కూడా కదపదు. నేకెడ్ ఎడ్జెస్ (దేనితోనూ కలవని అంచులు) చూపించమంటే సున్నా అంటుంది. మోడల్ సాలిడ్ అని చెబుతుంది. గ్యాప్ అక్కడే ఉంది, దాని గురించి చెప్పే నోరు మాత్రం మూతపడింది. పారాసాలిడ్‌లో కూడా టాలరెంట్ ఎడ్జ్‌లని ఉంటాయి, అక్కడ అంచు గీతగా కాకుండా తనకంటూ ఒక మందం ఉన్న గొట్టంగా చూడబడుతుంది. దిగుమతి చేసిన మోడల్ మీద ఫిల్లెట్ ఎందుకు పడట్లేదో అర్థం కాక జుట్టు పీక్కునేవాళ్ళు ఆ అంచు టాలరెంటేమో ఒకసారి చూసుకోవాలి.

మరి గ్యాప్ ఎప్పుడూ ఉంటుందని ఒప్పుకున్నాక, ఫిల్ కొట్టేవాడిని నేనెందుకు తిట్టాలి? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు వేసుకున్నా. నాకు తట్టిన తేడా ఇది: టాలరెన్స్ ముందే ఒప్పుకున్న సంఖ్య, డ్రాయింగ్ మీద రాయగలిగింది, మామూలుగా మోడల్ అంతటా ఒకటే. ఫిల్ అప్పటికప్పుడు, ఆ ఒక్క చోట, ఎవరికీ చెప్పకుండా తీసుకున్న నిర్ణయం. తేడా పరిమాణంలో లేదు. పూర్తిగా తృప్తినిచ్చే జవాబు కాదని తెలుసు, ఇంతకంటే మంచిది దొరకలేదు.

అసలు ఈ తగాదా పుట్టుకలోనే ఉంది. కంప్యూటర్‌లో వంపు సర్ఫేస్‌ల గణితం చాలావరకు ఫ్రాన్స్‌లో కార్ల కంపెనీల్లో పుట్టింది, సిట్రోయెన్‌లో ద కాస్తెల్జో, రెనోలో బెజియే. వాళ్ళకి కావలసింది కారు పైతోలు, లోపల ఏముందన్నది వాళ్ళ బాధ కాదు. సాలిడ్‌లు ఇంకోచోట పెరిగాయి, 1970లలో కేంబ్రిడ్జ్‌లో ఇయాన్ బ్రెయిడ్ బృందం కట్టినవి ప్రధానంగా చదునులు, సిలిండర్ల లోకం. ఈ రెండు వంశాల్ని తర్వాత ఒకే మెనూలో కూర్చోబెట్టారు. అందుకే ఇప్పటికీ సర్ఫేస్ ట్యాబ్ వేరు, ఫీచర్స్ ట్యాబ్ వేరు, మధ్యలో మనం.

నా మాట చెల్లని చోట్లు

జీడిమెట్లలో ఫార్మా రియాక్టర్లు, ట్యాంకులు చేసే ఫ్యాబ్రికేషన్ షాపులో పనిచేసే ఒకాయనకి ఈ వాదనంతా చెబితే నవ్వాడు. డిష్ ఎండ్ (ట్యాంకు చివరి వంపు మూత) మీద నాజిల్ పైపు నిలబెట్టాలి, డిష్ వంపు, పైపు సిలిండర్. మీ పద్ధతిలో పైపుని తోసి కోస్తే అంచు డిష్‌కి అతుక్కుని కూర్చుంటుంది, మరి వెల్డ్ ఎక్కడికి దిగాలి అన్నాడు. అక్కడ రూట్ గ్యాప్ (వెల్డ్ అడుగుదాకా దిగడానికి వదిలే సందు) కావాలి, సుమారు రెండు మూడు మిల్లీమీటర్లు, వంపు వెంట ఒకే రకంగా. వాళ్ళ దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు మోడల్‌లో ఆ గ్యాప్ చూసి పొరపాటేమో అనుకుని శ్రద్ధగా మూసేశాడట, ఆ మోడల్ నుంచే ప్రొఫైల్ తీసి పైపు కోశారు, ఫిటప్‌లో (ముక్కలు జతచేసేటప్పుడు) వెల్డర్ గ్రైండర్ పట్టుకుని కూర్చున్నాడు. నింపడమే కాదు, తోసి కొయ్యడం కూడా తప్పయ్యే గ్యాప్ అది. గ్యాప్ డిజైన్‌లో భాగం. ఇలాంటి చోట డిష్ ముఖాన్ని కావలసినంత ఆఫ్‌సెట్ చేసి, ఆ ఆఫ్‌సెట్‌తో కొయ్యాలి, అప్పుడు గ్యాప్ కూడా మనం రాసిన కొలత అవుతుంది.

మౌల్డ్ డిజైన్‌లో షట్-ఆఫ్ సర్ఫేస్‌లు ఇంకో మినహాయింపు. భాగంలో కిటికీలాంటి రంధ్రం ఉంటే కోర్, క్యావిటీ (అచ్చు రెండు సగాలు) ఒకదాన్నొకటి అక్కడ తాకాలి. ఆ రంధ్రాన్ని సర్ఫేస్‌తో మూస్తేనే అచ్చుని రెండుగా చీల్చగలం. అది నింపడమే, దానికి ప్రత్యామ్నాయం లేదు. అయితే అక్కడ కూడా మంచి టూల్ డిజైనర్ ఆటోమేటిక్ ప్యాచ్‌ని అలాగే వదలడు. ఉక్కు ఉక్కుని తాకే చోటు అది. వీలైతే చదును, లేకపోతే సులువుగా మెషీన్ చేసి సానబట్టగలిగే ముఖం కావాలి. వంకరటింకర ఫిల్ వేస్తే రెండు వైపులా ఒకేలా కొయ్యడం కష్టమై సందులోంచి ఫ్లాష్ (బయటికి కారిన ప్లాస్టిక్ రేకు) వస్తుంది. అచ్చులో గాలి పోవడానికి కావాలని వదిలే వెంట్ లోతే మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది. దాన్ని దాటిన సందు దొరికితే ప్లాస్టిక్ కూడా దూరిపోతుంది.

స్కాన్ డేటా మూడోది. పాత పంపు కేసింగ్‌ని స్కాన్ చేస్తారు, డ్రాయింగ్ ఎప్పుడో పోయింది. స్కానర్ కన్ను పోని లోతుల్లో రంధ్రాలు వస్తాయి. వాటికి పొడిగించడానికి పక్క ముఖాలు సరిగా ఉండవు, ఉన్నా అవి కాస్టింగ్ గరుకుతనంతో నిండిన మెష్ (చిన్న త్రిభుజాల వల). ఇక్కడ ఫిల్ ఒక ఊహ, ఊహ తప్ప గతి లేదు. నేను వద్దనను.

ఇక నాలుగోది, టైమ్. నా వాదనకి అతి బలమైన ఎదురు ఇదే. క్లయింట్ సాయంత్రానికి త్రీడీ ప్రింట్ కావాలన్నాడు, ఒక్కటే పీస్, ఎగ్జిబిషన్‌లో పెట్టి పారేసేది. ప్రింట్‌కి పంపే ఎస్‌టీఎల్ ఫైల్‌లో ఎలాగూ టోపాలజీ (ఏ ముఖం పక్కన ఏ ముఖమన్న సమాచారం) లేదు, త్రిభుజాలే. స్లైసర్ (ప్రింటర్ కోసం మోడల్‌ని పొరలుగా కోసే సాఫ్ట్‌వేర్) చిన్న రంధ్రాల్ని తనే మూసుకుంటుంది. అలాంటప్పుడు ఫీచర్ ట్రీ పవిత్రత గురించి లెక్చర్ ఇచ్చేవాడిని నేనైనా బయటికి పంపిస్తా. ఫ్రీలాన్స్ చేసే ఒక మిత్రుడు మొహమాటం లేకుండా అన్నాడు, "నీకు జీతం ట్రీకి ఇస్తారు, నాకు ఫైల్‌కి ఇస్తారు" అని. నిజమే. కాకపోతే ప్రింట్‌కి ఒక్కసారే అని ఇచ్చిన ఫైల్ ఆర్నెల్లకి మౌల్డ్ కొటేషన్‌కి తేలడం కూడా చూశాను, ఫైల్‌కి తను పారేసేదాన్నని తెలియదు కదా.

మనం నేర్చుకునే తీరు

ఇందులో ఆ తమ్ముడి తప్పేం లేదు. అమీర్‌పేట్‌లో క్యాడ్ కోర్సు ఎలా నడుస్తుందో అక్కడ మెట్లెక్కిన ప్రతివాడికీ తెలుసు. ఈ రోజు ఎక్స్‌ట్రూడ్, రేపు రివాల్వ్, ఎల్లుండి లాఫ్ట్, చివరి వారంలో హడావిడిగా సర్ఫేసింగ్. మెనూలో ఉన్న వరసే సిలబస్. అలా నేర్చుకున్నవాడికి గ్యాప్ కనిపిస్తే గ్యాప్ కమాండ్ ఏది అని వెతకడం సహజం, ఫిల్ అని పేరు పెట్టుకుని అది ఎదురుగానే ఉంది. ఇంటర్వ్యూల్లో కూడా "ఫిల్‌కీ బౌండరీకీ తేడా ఏంటి" అని అడుగుతారు, "ఇక్కడ ఏదీ వాడకుండా ఎలా చేస్తావు" అని అడగరు. రెండోది అడిగితే అభ్యర్థి చేతి కింద ఎన్ని మోడల్స్ విరిగాయో తెలిసిపోతుంది.

బాలానగర్ సీఐటీడీలాంటి చోట, 1968 నుంచి టూల్ డిజైన్ నేర్పుతున్న సంస్థ అది, కోర్సులోనే మెషీన్ షాపు ఉంటుంది. తను గీసిన ముఖాన్ని మిల్లింగ్ మెషీన్ మీద కోసి చూసినవాడికి ఆకారం లేని ఆకారం ఎంత ఖరీదో చెప్పక్కర్లేదు. అందరికీ ఆ అవకాశం ఉండదు, వర్క్ ఫ్రమ్ హోమ్‌లో క్యాడ్ నేర్చుకున్న తరానికి అసలే ఉండదు. అలాంటివాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే, సెక్షన్ వ్యూ కొట్టి చూడండి. షేడెడ్‌లో అందంగా ఉన్న ఫిల్ సెక్షన్‌లో దొరికిపోతుంది.

ఇక తప్పనిసరై ఫిల్ వేసినప్పుడు పాటించే ఒక అలవాటు ఉంది, మా టీమ్‌లో ఇప్పుడు అందరూ చేస్తున్నారు. ఫిల్‌తో పుట్టిన ప్రతి ముఖానికీ రంగు వేస్తాం, మేం వాడేది నారింజ. ఇది ఎవరూ డిజైన్ చెయ్యలేదు, ఊహించి మూశాం, కావాలంటే మార్చుకోండి అని అవతలివాడికి అర్థమయ్యేలా. టూల్ రూమ్ వాళ్ళు మొదట్లో ఇదేం పిచ్చి అన్నారు, ఇప్పుడు నారింజ ముఖాల లిస్టు వాళ్ళే అడుగుతున్నారు, ఎందుకంటే వాటిని తమకి అనువుగా మార్చుకునే స్వేచ్ఛ దొరికింది. ఒక్క జాగ్రత్త, పంపేటప్పుడు స్టెప్ ఎక్స్‌పోర్ట్ ఆప్షన్స్‌లో ఉండే రకాల్లో ఏపీ 214 గానీ ఏపీ 242 గానీ ఎంచుకోండి. పాత ఏపీ 203లో పెడితే అవతలి పక్క అన్ని ముఖాలూ ఒకటే బూడిద రంగులో తెరుచుకునే అవకాశం ఉంది.